రాగి చెంబులో బావినీళ్లు

9 జూన్ 1969

మళ్లీ తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క బస్సూ లేదు. చంపాపేట తోటలో పనిచేసే జంగయ్య బావినీళ్లు నడిచి మోసుకొచ్చాడు. మొన్ననే నింపాడట, నిన్న వస్తే మా లాబ్‌కు తాళం ఉందట. కలుపుమందు కొట్టిన పంపును బావిలో కడిగాడని యజమాని అనుమానం. నీళ్లలో మందు ఉంటే అతని పని పోతుంది.

ఆఫీసుకు పోయే నీళ్లని జంగయ్య భార్య ముత్తమ్మ రాగి చెంబును చింతపండుతో తళతళా తోమి ఇచ్చింది. ముచ్చటేసింది.

రెండు సాసర్లలో దోస గింజలు పెట్టాను. ఒకదానికి డిస్టిల్డ్ వాటర్, ఇంకోదానికి బావినీళ్లు. మందు ఉంటే వేళ్లు సాగవు.

13 జూన్

బావినీళ్ల గింజలకు వేళ్లు రాలేదు. రిపోర్ట్ రాసేశాను. జంగయ్య పిల్లల మీద ఒట్టేశాడు. సైన్స్ అబద్ధం చెప్పదన్నాను. ఏం చెయ్యను, అంతే కదా.

సాయంత్రం 5

మా సీసాలు కడిగే కృపమ్మ రిపోర్ట్ పోస్ట్ చెయ్యొద్దంది. ఖాళీ చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. లోపల పచ్చటి మరక.

“గింజలను సంపింది మందు కాదు సార్, రాగి. చింతపులుసు మంచిగ కడగలే. రెండు దినాలు నీళ్లు గా చెంబులనే ఉన్నయి. చిలుం దిగింది.”

ఒళ్లు మండింది. నేను బీఎస్సీ, ఆమె అయిదో క్లాసు. అయినా రిపోర్ట్ ఆపాను. చెంబును మళ్లీ చింతపండుతో తోమించి, అలాగే పైపైన కడిగించి, డిస్టిల్డ్ వాటర్ పోసి ఉంచాను.

19 జూన్

ఆ చెంబులో రెండు రోజులున్న డిస్టిల్డ్ వాటర్‌కీ గింజలు చచ్చాయి.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఎనిమిదేళ్లుగా పక్కనే ఉన్న మనిషిని నేనూ అలాగే చూశాను. సిగ్గుగా ఉంది.

20 జూన్

బావినీళ్లు ఈసారి గాజు సీసాలో తేవాలి. నేను బయల్దేరితే కృపమ్మ ఆపింది. నా తెనాలి మాట వింటే దారిలో గొడవ పెడతారట. తనే మండుటెండలో చంపాపేటకు పోయి వచ్చింది. సీసాను ముందు అదే బావినీళ్లతో మూడుసార్లు కడిగి, అప్పుడు నింపిందట. నేనెప్పుడూ నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుందట. ఎంత గొప్ప మనిషి!

24 జూన్

అంగుళం పొడవు వేళ్లు. రెండు సాసర్లలోనూ.

26 జూన్

జంగయ్య పని నిలిచింది.

కొత్త రిపోర్ట్‌లో ‘పరీక్షించినవారు’ అన్నచోట కృపమ్మ పేరు రాశాను. పక్కన ఏం డిగ్రీ కొట్టాలని టైపిస్టు అడిగాడు. ఖాళీగా వదలమన్నాను.