చప్పుడు చేయని పెట్టె

తమ్ముడూ,

నువ్వు ప్రేమగా పంపిన లిట్టర్ బాక్సును, అదే పిల్లి దొడ్డికెళ్లే ఇసుక పెట్టెను, తిప్పి పంపినందుకు నొచ్చుకోకు. దానంతటదే శుభ్రం చేసుకుంటుందన్నావు, నిజమే. కానీ మోటారు గుర్రుమనగానే నీ మేనకోడలు గోడవైపు ఒదిగి దుప్పటి ముసుగేసుకుంది. ఆ కారు ప్రమాదం తర్వాత ఇంజను చప్పుడు వింటే చాలు, ఒళ్లంతా వణుకు. మాట్లాడటం అప్పుడే మానేసింది. పిల్లి పక్కన లేందే పడుకోదు. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది కాబట్టి ఇసుక తను తీయలేకపోతోంది, తీయడానికి మేం వెళ్తే తలుపేసుకుంటుంది.

అందుకని కొట్టుకెళ్లి ఒక్కో పెట్టెకూ చెవి ఆనించి విన్నాను. "పిల్లులు ఇంతగా పట్టించుకోవు లెండమ్మా," అని కొట్టతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చివరికి మెల్లగా తిరిగేది, మీట నొక్కితే తప్ప కదలనిది ఒకటి తెచ్చాను.

నిన్న అమ్మాయిని బతిమాలి దాన్ని తన గదిలో పెట్టాను. మీట మీద వేలు పెట్టానే గానీ నొక్కడానికి ధైర్యం చాల్లేదు. అమ్మాయి నా చేతినే చూస్తోంది. పిల్లిని ఒళ్లోకి లాక్కుంది.

"ఉండమ్మా, నేనే నొక్కుతా," అంది అమ్మాయి.

పెట్టె ఎంత చప్పుడు చేసిందో నేను వినలేదురా.

ఆదివారం తప్పకుండా రా. బండి మాత్రం వీధి చివరే ఆపి, నడిచి రా.

అక్క