మోచేతులు పైకి

ఏప్రిల్ 3

చొక్కా మళ్ళీ తడిసింది. ఏసీ కింద నిలబడి మరీ. సెలూన్‌లో ఇచ్చే లేత బూడిదరంగు యూనిఫాంలో చెమట దాగదు. చంకల కింద రెండు మ్యాపులు. ఏదో వాసనొస్తోందని ఓనరు ఊరికే అన్నాడంతే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే అద్దంలో చూసుకున్నాను. ఆయన అన్నది డ్రైనేజీ గురించట. పక్క కుర్చీ దగ్గర పనిచేసే ఉంగరాల జుట్టాయన, మా స్ప్రింగన్న, పకపకా నవ్వాడు. ఒరేయ్ కుళాయీ, నిన్ను కట్టేసేదెలారా అన్నాడు.

ఒళ్ళు మండింది. ఇంకా తడిసింది.

ఏప్రిల్ 6

మోచేతులు డొక్కలకి అదిమిపెట్టుకుని కటింగ్ చేశాను, తడి కనపడకూడదని. కస్టమర్ కళ్ళెప్పుడూ అద్దంలోనే కదా. మోచెయ్యి లేవకపోతే ట్రిమ్మర్ సమంగా నడవదు. తెలిసీ చేశాను. మెడ వెనక గీత ఎడమవైపుకి జారిపోయింది. ఆయన తడుముకుని, నా మెడ వంకరా బాబూ, నీ చెయ్యి వంకరా అన్నాడు.

ఓనరు నన్ను కుర్చీ దగ్గర్నుంచి తీసేసి, తలలు కడిగే సింకు దగ్గర పెట్టాడు. అక్కడైతే ఎంత తడిసినా ఎవడూ అడగడట.

వీడియోలు చూసి, మా బావ తల పాడుచేసి, ఒక్కణ్ణే నేర్చుకున్న పని నాది. ఇందులో ఎవడి దయా లేదు. చెమటకి పోతుందా కుర్చీ?

ఏప్రిల్ 7

సింకు.

ఏప్రిల్ 10

స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చొక్కా విప్పమంటే సిగ్గుతో చచ్చాను. ఆవిడ ముఖం చిట్లించలేదు. ఇది మురికి కాదు నాయనా, కొందరికి చెమట గ్రంథులు అతిగా పనిచేస్తాయి అంది. చంకల్లో ఏం రాస్తున్నావంది. డియోడరెంట్ అన్నాను, పొద్దున్నే, స్నానం చేసిన తడి మీదే. అది వాసనకి, చెమటకి కాదంది. చెమటని ఆపే యాంటీపర్‌స్పిరెంట్ వేరట. పడుకునే ముందు, బాగా ఆరిన చర్మం మీద రాసి, పొద్దున కడిగేయాలట. చంకలు షేవ్ చేసిన రోజు మాత్రం వద్దంది. తగ్గకపోతే రా, ఇంకా దార్లున్నాయంది.

ఆవిడ చెప్పిన మందు, రోలాన్ సీసా, మా సెలూన్ పక్క మెడికల్ షాపులోనే ఉంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా సంగతి.

ఏప్రిల్ 11

షేవ్ చేసి రాశాను. నిప్పు! అమ్మ తలుపు కొట్టి, లోపల ఎవరితో కుస్తీరా అంది.

ఏప్రిల్ 19

మ్యాపులు నిమ్మకాయంత అయ్యాయి. పూర్తిగా పోలేదు. ఉంటే ఉన్నాయి.

ఓనరుని నిలేశాను. నా కుర్చీ నాకివ్వండన్నాను. ఇక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే, కుర్చీ కావాలన్నవాడు ముందు ఆయన గడ్డం గీయాలి, కత్తితో. గాటు పడిందా, సింకే. సరే, రేపు గియ్యరా అన్నాడు. ఏసీ ఆపేయిస్తాను, నీ కుళాయి సంగతి అప్పుడు చూద్దామన్నాడు. స్ప్రింగన్న చంకలు గుద్దుకున్నాడు. గుద్దుకోనీ, ఆయనవి పొడి చంకలు.

ఏప్రిల్ 20

ఏసీ ఆగింది. మోచెయ్యి భుజమంత ఎత్తుకి లేపాను. తడి అద్దంలో కనపడింది. దించలేదు. కత్తి ఓనరు గొంతు మీద పెట్టాను.

చెమట కారింది. ఆయనకి.

ఒక్క గాటు లేదు. ఆ చెమట నా కుర్చీ టవల్‌తోనే తుడిచాను.