హెన్రీకి మూడు దోసిళ్ళు

కాపెల్, అమెరికా

అన్నయ్యా, మేమిద్దరం హాయిగా ఉన్నాం, బెంగ వద్దు.

మహాలయ అమావాస్యకు పెరట్లో తర్పణాలు వదులుతుంటే పక్కింటి వాల్టర్ గారు కంచె దగ్గర నిలబడి చూశారు. నూరేళ్ళ మనిషి. ఒకప్పటి యుద్ధంలో పడవ దిగి, గుండెలోతు నీళ్ళలో నడుస్తూ, ఫిరంగులు నిండిన దీవి మీద దాడికి వెళ్ళిన సైనికుడు. ఆయన నేస్తం హెన్రీ ఆ ఒడ్డునే దాహం దాహం అంటూ పోయాడట. ఇవి పోయినవాళ్ళకిచ్చే నీళ్ళని ఆయనకు చెప్పాను.

"డాక్టర్, వాడికీ కాసిని నీళ్ళు పోస్తావా?" అన్నారు.

మూడు దోసిళ్ళు వదిలాను. ఆయన ముఖం తేటపడింది. గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పాలి కదా, నేను నోటి అలవాటున మన భారద్వాజమే చెప్పేశాను.

వదిన షుగర్ తగ్గిందా? మా రవి అక్కడికి వస్తున్నాడు, వాడితో ఉసిరి తొక్కు పంపు. పిల్లలకు ఆశీస్సులు.

నా తప్పు మాత్రం దిద్దకు. వచ్చే అమావాస్యకు నువ్వూ హెన్రీ పేరు చెప్పు, మన గోత్రంతోనే.

నీ తమ్ముడు
యోగానంద్