రత్నం గదికి వేరే లైను

సోమవారం రాత్రి

రత్నానికి ఆక్సిజన్ మెషిన్ పెట్టినప్పుడల్లా పాత వైర్లు తట్టుకోలేక కరెంటు పోతోందని ఇల్లంతా వైరింగ్ మార్పించడం మొదలుపెట్టాను. గోడలు కొట్టే దుమ్ము తనకు పడదని పెనుగొండలో వాళ్లక్క ఇంటికి పంపాను.

"నన్ను పంపకండి, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఓ మూల పడుంటాను" అంది. నేను వినలేదు. అక్కడే పోయింది.

సమాధి కార్యక్రమం కోసం ఆపిన పని ఇవాళ మళ్లీ మొదలైంది. ఎలక్ట్రీషియన్ సత్తిబాబు మొహమాటపడుతూ అడిగాడు.

"మేష్టారూ, మేడం గారి గదికి వేరే లైను ఇంక అక్కర్లేదు కదండీ? ఖర్చు కూడా తగ్గుద్దండి."

"అనుకున్నట్టే వెయ్యి" అన్నాను.

సాయంత్రం, పెనుగొండ నుంచి తెచ్చిన మెషిన్‌ని ఆ లైనుకి పెట్టి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆపడానికి నాకు చేతులు రాలేదు. ఇది రాస్తుంటే కూడా ఆ ఖాళీ గదిలో మెషిన్ నడుస్తూనే ఉంది...