నర్సమ్మ విన్న కథ

యరమరస్, ఆదివారం

రాయచూరు రచయితల పాడ్‌కాస్టులో నేను రాసి చదివిన కథ ఇవాళ వచ్చింది. నేను చెప్పకముందే నర్సమ్మకు వాళ్ల తమ్ముడు లింకు పంపాడు. జొన్నరొట్టెలు చేస్తూ ఫోన్ పక్కన పెట్టుకుని మొత్తం వింది.

ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ తను చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు రావు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ ధైర్యంతోనే ఏది పడితే అది రాశాను. మైకు ముందు కూర్చున్నప్పుడైనా, ఇది చెవులతో వినే కథ అని నా బుర్రకు తట్టలేదు.

కథలో బిడ్డ పోయాక భార్య ఏడాదిపాటు నోరు విప్పదు. ‘ఈ ఇంట్లో నేనొక్కడినే మిగిలాను’ అనుకుంటాడు భర్త. మా చిన్న బిడ్డ చనిపోయిన ఏడాది నేను అనుకున్న మాటే అది. చాలా నిజాయితీగా రాశారని పాడ్‌కాస్టు మేడమ్ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

పెనం మీద రొట్టె మాడుతున్నా నర్సమ్మ తీయలేదు.

“గా యాడాది నన్నొక్క మాటన్న అడిగినవా? గింత బాధుంటే నాకు జెప్పకపోతివి. ఊరందరికీ సదివి జెప్తివి,” అంది.

నేను పొయ్యి ఆపాను.

ఈ డైరీని నేనెప్పుడూ దాచలేదు, దాచే అవసరం లేకపోయింది. ఇందాక మంచం మీద నుంచి నా చేతివైపే చూస్తూ అడిగింది.

“గిప్పుడేం రాస్తున్నవ్? నాకు గూడ సదివి ఇనిపించు.”

“ఏం లేదు, రేపటి పనులు,” అన్నాను.

గోడవైపు తిరిగి పడుకుంది. నేను రాస్తూనే ఉన్నాను.