పుస్తకంలో వెనక సగం

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, కార్డు చూసి కంగారుపడకు.

నా గదిలో ఉండే పిసినారి చదువు మానేసి వెళ్ళిపోయాడు. మాటలకి వెలుతురెందుకురా అని లైటు ఆర్పేసేవాడని రాశానే, వాడే. ఖర్చు కలిసొస్తుందని ఇద్దరం ఒకే పుస్తకం కొని, కుట్టు విప్పి రెండు చేసుకున్నాం. ముందు సగం నా దగ్గర, వెనక సగం వాడి దగ్గర. మొన్న క్లాసు నుంచి వచ్చేసరికి వాడి పెట్టె లేదు. వాడి సగం నా దిండు మీద ఉంది, పక్కనే సూదీ దారం. ఫీజు కట్టలేకపోయాడని ఇంటావిడ చెప్పింది. నాతో ఒక్క మాట అనలేదు. వాడిది పిసినారితనం అనుకున్నాను గానీ, లేమి అని తెలీలేదక్కా.

గది అద్దె ఇప్పుడు మొత్తం నా మీదే పడింది. ఒంటిపూట తింటున్నా ఎటు లాగినా చాలడం లేదు. నువ్వు కుట్టు మిషనుకని దాచుకున్న డబ్బుల్లోంచి ఈ ఒక్క నెలకీ సర్దగలవా? కుదరకపోతే మొహమాటపడకుండా రాసెయ్, నేనూ పెట్టె సర్దుకుంటాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? వంటింటి గోడ చెమ్మ ఆరిందా? నాన్న పాత స్వెటరు మసిగుడ్డ చెయ్యకండి, నాకు కావాలి. ఆయన కళ్ళజోడు బాగుచేయించారా? లేకపోతే ఈ కార్డు నువ్వే చదివి వినిపించాలి కదా, మధ్యలోదంతా వదిలెయ్. పుస్తకం మొత్తం దొరికిందని మాత్రం నాన్నకి చెప్పు, సంతోషిస్తాడు.

అమ్మకీ నాన్నకీ దణ్ణాలు.

నీ తమ్ముడు