రమ్మన్న చెయ్యి

మార్చి 4, మంగళవారం

ఇవాళ ఒక మనిషిని కొట్టాను. జాకీ రాడ్డుతో. మోకాలి మీద రెండు, మొహం మీద ఒకటి. మూడోది అనవసరం. అప్పటికే వాడు కిందపడి ఉన్నాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పొద్దున పదకొండున్నర. ఆస్పత్రి ఎదురుగా జీబ్రా చారల దగ్గర బస్సు ఆపాను. ఫుట్‌పాత్ మీద ఒకావిడ, చంకలో ఇస్త్రీ బట్టల మూట. దాటడం మొదలుపెట్టింది. ఒక లారీ నా బస్సుని ఓవర్‌టేక్ చేస్తూ వచ్చి గుద్దేసింది. ఆ చప్పుడు రాయడం నా వల్ల కాదు. మూట ఊడి తెల్ల చొక్కాలు రోడ్డంతా పడ్డాయి. ఆవిడ నడుం దాకా ముందు చక్రం కింద ఉంది. కాసేపు చెయ్యి కదిలింది.

జనం లారీ డ్రైవర్ని కిందికి లాగారు. నేను సీటు కింద రాడ్డు తీసుకుని దిగాను. ఇరవై రెండేళ్ల సర్వీసు, ఒక కుక్కని కూడా తొక్కలేదు. ఒళ్లు మండిపోయింది. వాడి పళ్లు విరిగిన అదురు నా మోచేతి దాకా వచ్చింది. హాయిగా అనిపించింది. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాస్తాను.

మార్చి 5

పోలీసులకి స్టేట్‌మెంట్ ఇచ్చాను. ఆవిడ తనంతట తనే దాటిందన్నాను. డ్రైవర్ని ఎవరు కొట్టారంటే గుంపు అన్నాను. రాడ్డు కడిగి సీటు కింద పెట్టేశాను.

మార్చి 7, సాయంత్రం 6

ఇక్కడ కూడా అబద్ధమే రాశాను. కాదు, సగం మింగేశాను.

నేను చెయ్యి ఊపాను. ఆవిడ రెండుసార్లు అడుగు ముందుకేసి వెనక్కి తీసుకుంది. బస్సు అప్పటికే ఆరు నిమిషాలు లేటు. నాకు చిరాకేసింది. స్టీరింగ్ మీంచి కుడిచెయ్యి తీసి రా, రా అని ఊపాను. ఆవిడ నవ్వింది, థాంక్స్ అన్నట్టు. ఇక అటూ ఇటూ చూడలేదు. నా చేతిని నమ్మి వచ్చేసింది. నేను అద్దం చూడలేదు.

కొత్త డ్రైవర్లకి క్లాసు చెప్పేది నేనే. మొదటి పాఠమే అది. మనిషి కోసం ఆగు, చెయ్యి మాత్రం ఊపకు. నీ చెయ్యి చూశాక వాళ్లు రోడ్డు చూడ్డం మానేస్తారు. బోర్డు మీద నా దస్తూరీతోనే ఉంది. సిగ్గుతో చావాలి.

మార్చి 8

కండక్టరు చూశాడట. టీ కొట్టు దగ్గర నెమ్మదిగా చెప్పాడు. అన్నా, నువ్వు ఊపకపోయినా ఆవిడ దాటేదే, నోరు మూసుకుని ఊరుకో, రిటైర్మెంట్ ఎంతో దూరం లేదు అని. గ్లాసు గోడకేసి కొట్టాను. వాడి కాలర్ పట్టుకుని తల షట్టర్‌కి గుద్దాను. వాడు తిరిగి చెయ్యెత్తలేదు. ఇప్పుడు నీకు బాగా అలవాటైంది, కానియ్ అన్నాడు. వదిలేశాను.

మార్చి 11

ఆవిడ భర్త డిపోకి వచ్చాడు. ఆస్పత్రి వెనక సందులో ఇస్త్రీ షాపు. ఆయన ఇస్త్రీ చేస్తే ఆవిడ ఇంటింటికీ ఇచ్చి వచ్చేదట. అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నా భార్య కోసం దెబ్బ వేసింది మీరొక్కరేనట కదా, వాణ్ణి అక్కడే చంపేయాల్సింది బాబూ అన్నాడు. చేతులు ఎంతకీ వదల్లేదు. నేను తల ఊపాను.

ఇంటికొచ్చి బాత్రూమ్ తలుపుని గుద్దాను. ప్లైవుడ్ పగిలింది.

మార్చి 12

జీబ్రా దగ్గర ఆగాను. రెండు చేతులూ స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. దాటాల్సినవాడు నా మొహం చూస్తూ నిలబడ్డాడు, నేను వాడి మొహం చూస్తూ. చివరికి బూతులు తిట్టి దాటాడు.

మార్చి 14

లారీ డ్రైవర్ని చూడ్డానికి వెళ్లాను. ఎందుకో తెలీదు. మంచానికి బేడీ. దవడకి తీగలు చుట్టారు. ఎడమ కన్ను పోయింది. మూడో దెబ్బ.

పక్కన వాళ్లక్క. నన్నెవరో మంచివాడనుకుని స్టూలు వేసింది. బస్సు ప్యాసింజర్ల కోసం ఆగిందనుకున్నాడట మా తమ్ముడు, కాగితం మీద రాసి చెప్పాడు అంది. వాడు నన్ను గుర్తుపట్టాడు. ఉన్న ఒక్క కన్నూ నా మీంచి తీయలేదు. దుప్పటి తడిసింది. అక్క నర్సుని పిలిచింది. వాడికి రోగం అనుకుంది. వాడికి నేనంటే భయం.

వాడి తప్పు లేదని కాదు. ఆగిన బస్సుని దాటేవాడు దాని ముందు నుంచి మనిషి వస్తాడనుకోవాలి, స్లో చెయ్యాలి. అది నా రెండో పాఠం. మొదటిది తప్పిన నేను స్టూలు మీద కూర్చున్నాను. వాడు బేడీలో ఉన్నాడు.

మార్చి 18

మేనేజరు స్పెషల్ క్లాసు పెట్టించాడు. పాదచారుల విషయంలో జాగ్రత్తలు. ముప్ఫైమంది. వెనక తెర మీద ఆ చోటి ఫోటో.

చెప్పాను. ఆగి ఉన్న బండి కింద నుంచి కాళ్లు కనిపిస్తాయేమో చూడండి. ఆస్పత్రి దగ్గర మనిషికి ధ్యాస రోడ్డు మీద ఉండదు, వాళ్ల ధ్యాస కూడా మీరే మొయ్యాలి. మలుపులో ముందుకి వంగి, ముందద్దం పక్క పిల్లర్ చాటున ఎవరున్నారో చూడండి. గొంతు బాగానే పలికింది.

కొత్తగా చేరిన ఒకావిడ లేచింది. మనం ఆగినా వాళ్లు దాటకుండా మన మొహమే చూస్తుంటే ఏం చెయ్యాలి సార్ అంది. ఆగాలి, అద్దం చూడాలి, వెనక నుంచి ఎవడైనా వస్తే హార్న్ కొట్టాలి అన్నాను. ఎంతసేపు ఆగాలి అంది.

డస్టర్ విసిరాను. ఆవిడ కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. న్యాయమైన ప్రశ్న అడిగింది ఆవిడ.

మార్చి 19

మా ఆవిడకి మొత్తం చెప్పాను. చొక్కాకి గుండీ కుడుతోంది, తలెత్తలేదు. ఇంకెంతమందిని కొడితే నీ చెయ్యి ఊపనట్టవుతుంది అంది.

మార్చి 21, మధ్యాహ్నం 2

ఇస్త్రీ షాపుకి వెళ్తున్నాను.

మార్చి 26

ఎడం చేత్తో రాస్తున్నా. వంకరగా వస్తోంది.

ఆయనకి నిలబడే చెప్పా. నేను చెయ్యి ఊపానని. ఆవిడ నవ్విందని. చేతిలో చొక్కా అయ్యేదాకా ఇస్త్రీ ఆపలేదు. మడతపెట్టాడు. ఏ చెయ్యి అన్నాడు. బల్ల మీద పెట్టా. తియ్యలేదు.

పోలీసులొచ్చారు. నేను ఊపానని చెప్పా. రాడ్డు సంగతి చెప్పా. ఈ వేళ్లెవరు విరగ్గొట్టారన్నారు. బస్సు తలుపులో పడ్డాయన్నా. కాలిన మచ్చ ఇస్త్రీపెట్టె ఆకారంలోనే ఉంది. చూశారు. తలుపు అనే రాసుకున్నారు.